తప్పిపోయిన మాట

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ తయారవుతున్న రోజుల్లో దాని సంపాదకుల చేతుల్లోంచి ఒకే ఒక్క మాట పూర్తిగా జారిపోయిందని చెబుతారు. ఆ మాట 'బాండ్‌మెయిడ్'. అంటే బానిస పిల్ల, దాసి. లక్షల మాటలు పోగేసిన చోట తప్పిపోవడానికి ఈ మాటే దొరికిందా అని ఎవరికైనా అనిపిస్తుంది, ఆడవాళ్లకి మరీ అనిపిస్తుంది. డిగ్రీ పిల్లలకి షేక్‌స్పియర్ నాటకం చెబుతూ ఆ మాట దగ్గర ఆగినప్పటి నుంచి నేను దాని వెంట పడ్డాను. తీరా వెతుక్కుంటూ వెళ్తే, అది పోయిన కథ కంటే పుట్టిన కథే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రెండూ చెప్పుకుందాం.

ముందు పోయిన కథ. 1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీలో రిచర్డ్ షెనవిక్స్ ట్రెంచ్ అనే మతాచార్యుడు అప్పటి ఇంగ్లీషు నిఘంటువుల లోపాల గురించి ప్రసంగించాడు. నిఘంటువు అంటే మంచి మాటల్ని ఏరి పెట్టే పుస్తకం కాదు, భాషలో ఉన్న ప్రతి మాటకీ అది చరిత్ర చెప్పాలి అన్నది ఆయన వాదన. మాట ఎప్పుడు పుట్టింది, ఎలా అర్థం మార్చుకుంది, ఎప్పుడు మరుగున పడింది అన్నదంతా రాతలో దొరికిన ఉదాహరణలతో రుజువు చెయ్యాలి. ఈ పని చివరికి 1879లో జేమ్స్ మర్రే అనే బడిపంతులు చేతికి వచ్చింది. ఆయన ఇంటి ఆవరణలో ఒక ఇనప రేకుల షెడ్డు వేయించి, దానికి 'స్క్రిప్టోరియం' అని పేరు పెట్టి, గోడల నిండా గూళ్లు కట్టించాడు. పుస్తకాలు చదివి, ఒక్కో మాటకి ఒక్కో చీటీ రాసి పంపమని ఇంగ్లీషు తెలిసినవాళ్లందరికీ విజ్ఞప్తి చేశాడు. చీటీలు లక్షల్లో వచ్చాయి.

'బాండ్‌మెయిడ్' చీటీలు కూడా వచ్చాయి. కానీ అవి ఎక్కడో పక్కకి పడిపోయాయి. ఆ మాట ఉండాల్సిన భాగం 1887లో అచ్చయింది. ఏ, బీ అక్షరాల మొదటి సంపుటం 1888లో వచ్చింది. 'బాండ్‌మ్యాన్' ఉన్నాడు, 'బాండ్‌మెయిడ్' లేదు. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో ఉన్న మాట, బైబిల్లో ఉన్న మాట, అంత పెద్ద పుస్తకంలో లేకుండా పోయింది. పదమూడేళ్ల తర్వాత, 1901లో, ఒక పాఠకుడి ఉత్తరం వచ్చేదాకా ఎవరూ గమనించలేదు. రాతప్రతి నుంచి అచ్చు పేజీ దాకా కనీసం ముప్పైమంది చూసినా ఒక్కరి కంటా పడలేదనీ, ఇది ఎలా జరిగిందో తనకే అంతుబట్టడం లేదనీ మర్రే జవాబు రాసుకున్నాడు. ఆయన 1915లో చనిపోయాడు. నిఘంటువు 1928లో పూర్తయింది. 'బాండ్‌మెయిడ్'కి మాత్రం 1933 అనుబంధ సంపుటంలో గానీ చోటు దొరకలేదు.

ఈ కథ వినగానే మగవాళ్లే కావాలని తీసేశారని అనుకోవడం తేలిక. 2020లో ఆస్ట్రేలియా రచయిత్రి పిప్ విలియమ్స్ ఈ సంఘటన ఆధారంగా ఒక నవల రాసింది. అందులో స్క్రిప్టోరియం బల్ల కింద కూర్చునే చిన్నపిల్ల ఆ చీటీని దాచుకుంటుంది. అది కల్పన, చక్కటి కల్పన. జరిగింది మాత్రం ఒట్టి పొరపాటే. మర్రే నిజాయితీని శంకించాల్సిన పని లేదు. కానీ ఆ షెడ్డులో ఎవరెవరు పనిచేశారో చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది.

మర్రేకి పదకొండుమంది పిల్లలు. చీటీలు వరసలో పేర్చడం ఆ ఇంటి పిల్లలందరి పని. కూతుళ్లు హిల్డా, ఎల్సీ, రోస్‌ఫ్రిత్ నిఘంటువుకి పనిచేశారు. ఎల్సీ, రోస్‌ఫ్రిత్‌లకి ఆ పనిలోనే ఏళ్లు గడిచాయి. మరో సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ కూతురు ఎలినార్ కూడా ఉద్యోగిగా చేరింది. ఈడిత్ థాంప్సన్ అనే చరిత్రకారిణి, ఆమె అక్కచెల్లెలు కలిసి 15,000 ఉదాహరణలు పంపారు. నవలా రచయిత్రి షార్లట్ యంగ్ 'ఎన్' అక్షరానికి ఉపసంపాదకత్వం చేసింది. అయినా 1928 జూన్ 6న లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్లో ప్రధానమంత్రి స్టాన్లీ బాల్డ్విన్ ముఖ్య అతిథిగా జరిగిన విందులో బల్లల ముందు కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. పనిచేసిన ఆడవాళ్లలో కొద్దిమందిని మాత్రం పైన గ్యాలరీలో కూర్చుని వాళ్లు భోంచేస్తుంటే చూడనిచ్చారు. నెల తిరక్కుండానే, జూలై 2న, బ్రిటన్‌లో ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా ఓటు హక్కు ఇచ్చే చట్టం ఆమోదం పొందింది. చట్టం అంతదూరం వచ్చినా భోజనాల బల్ల ఇంకా రాలేదన్నమాట.

ఇప్పుడు పుట్టిన కథ. నాకు అసలు దిగ్భ్రమ కలిగింది ఇక్కడే.

'బాండ్' అంటే కట్టు, బంధం, రుణపత్రం అని మనందరికీ తెలుసు. కాబట్టి 'బాండ్‌మెయిడ్' అంటే కట్టుబడి ఉన్న పిల్ల అని అర్థం చేసుకుంటాం. 1976లో మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినప్పుడు ఇంగ్లీషు పేరులో వాడిన 'బాండెడ్' అనే మాట ఆ కట్టుకి సంబంధించిందే. కానీ 'బాండ్‌మెయిడ్'లోని 'బాండ్' అది కాదు. రూపం ఒకటే, పుట్టుక వేరు. ఇది పాత నార్స్ భాషలోని 'బోండీ' నుంచి వచ్చింది. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవాళ్లు తెచ్చిన మాట. 'బూఆ' అంటే నివసించడం, సాగు చెయ్యడం. 'బోండీ' అంటే ఇల్లూ పొలమూ ఉండి వ్యవసాయం చేసుకునేవాడు, గృహస్థు, ఎవరికీ తలవంచని రైతు. మన 'భూ' ధాతువుకీ ఆ 'బూఆ'కీ మూలం ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. ఈనాటికీ డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో రైతుని 'బోండె' అనే అంటారు.

మరి సొంత పొలం ఉన్న రైతు పేరు బానిసకి ఎలా వచ్చింది? 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించాక భూమి చాలావరకు కొత్త దొరల వశమైంది. నిన్నటిదాకా గృహస్థుగా బతికిన రైతు దొర పొలంలో చాకిరీ చేస్తే తప్ప తన చెక్క దున్నుకోలేని స్థితికి దిగిపోయాడు. మనిషి దిగిపోతే పేరూ దిగిపోయింది. 'బోండె' అనే మాట కాలక్రమాన ఊరు వదిలి వెళ్లే స్వేచ్ఛ లేని పాలేరుకి పేరైంది. 'బాండేజ్' అనే మాట కూడా మొదట ఆ తరహా కౌలు పేరే. తర్వాత పక్కనే ఉన్న కట్టు అనే అర్థం గల 'బాండ్' దీని మీద నీడ వేసింది. చూస్తూండగానే రెండు మాటలూ జనం చెవిలో ఒకటైపోయాయి. స్వతంత్రుడి పేరు సంకెళ్ల పేరుగా వినబడసాగింది.

ఇంతవరకు ఇది మగ రైతు కథ. ఆడవాళ్లు ఇందులో ఎక్కడున్నారు? 1086లో విజేత అయిన రాజు విలియం తయారు చేయించిన డూమ్స్‌డే బుక్‌లో లెక్కకెక్కిన జనంలో దాదాపు పదిమందిలో ఒకరు బానిస. ఆడ బానిసల్ని విడిగా లెక్కపెట్టింది మాత్రం కొన్ని పడమటి జిల్లాల్లోనే. మిగతా చోట్ల ఎద్దుల్నీ నాగళ్లనీ మరల్నీ లెక్క రాసినవాళ్లు ఆ ఆడవాళ్లని రాయలేదు. తర్వాతి శతాబ్దాల్లో దొరల కచేరీల దస్తరాల్లో వాళ్లు కనబడతారు, జరిమానాల రూపంలో. పాలేరు తన కూతురికి పెళ్లి చెయ్యాలంటే దొరకి 'మర్చెట్' అనే రుసుము కట్టాలి. పెళ్లి కాకుండా మగవాడితో కలిస్తే ఆ పిల్ల మీద 'లెయిర్‌వైట్' అనే జరిమానా. ఒక కుటుంబం స్వేచ్ఛ గలదా కాదా అన్న తగాదా వస్తే, ఆ ఇంటివాళ్లు మర్చెట్ కట్టారా లేదా అన్నది న్యాయస్థానాలు సాక్ష్యంగా చూసేవి. అంటే మగవాడి స్వేచ్ఛకి కొలబద్ద అతని కూతురి పెళ్లి. ఆమె ఒంటి మీద ఎవరికి హక్కుందో తేలిస్తే అతని హోదా తేలుతుంది.

ఇక ఈ మాటకి ఒక అన్న ఉన్నాడు. 'బోండీ'కి ముందు ఇల్లు అనే అర్థం గల 'హూస్' చేరిస్తే 'హూస్‌బోండీ'. ఇంటి యజమాని. ఆ మాటే పాత ఇంగ్లీషులోకి వచ్చి, పదమూడో శతాబ్దం చివరికి పెళ్లాం ఉన్న మగవాడు అనే అర్థం తెచ్చుకుంది. అదే 'హజ్బెండ్'. సాగుబడిని ఇంగ్లీషులో 'హజ్బెండ్రీ' అనడం అందుకే. ఇల్లు, పొలం, పశువులు, భార్య అన్నీ ఒకే మనిషి పాలనలో ఉన్న కాలం ఆ మాటలో అలాగే ఉండిపోయింది.

అంటే 'హజ్బెండ్', 'బాండ్‌మెయిడ్' ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. ఒకే 'బోండీ'. ఊళ్లో దొర ముందు ఆ మాట బానిస అయింది, ఇంట్లో భార్య ముందు యజమానిగానే నిలబడింది. ఊళ్లో పోయిన అధికారం గడప లోపల పోలేదు. ఇది ఎవరో స్త్రీవాది కల్పించిన సిద్ధాంతం కాదు. ఏ మంచి నిఘంటువు తెరిచినా ఆ రెండు మాటల పక్కనా అదే మూలం రాసి ఉంటుంది. పక్కపక్కన పెట్టి చదవడమే మన పని. 'హజ్బెండ్'కి జంటగా ఉన్న 'హౌస్‌వైఫ్' ఏమైందో కూడా చూడండి. ఆ మాటే నలిగి 'హస్సీ' అయింది, అంటే బరితెగించినది. ఇంటి యజమాని పరువుగా మిగిలాడు. ఇంటావిడ తిట్టుగా మారింది.

ఇంగ్లీషువాళ్ల సంగతి సరే, మనకేమిటి అనుకోవడానికి లేదు. 'భర్త' అంటే భరించేవాడు. 'భార్య' అంటే భరించబడవలసినది. రెండూ సంస్కృతంలో 'భృ' ధాతువు నుంచి వచ్చాయి. ఆ ధాతువు నుంచే వచ్చిన మూడో మాట 'భృత్యుడు'. భరించబడవలసినవాడు, అంటే సేవకుడు. భార్యకీ భృత్యుడికీ వ్యాకరణం ఇచ్చిన చోటు ఒకటే, తిండి పెడితే తినేవాళ్ల చోటు. ఎవరు వండితే ఎవరు తింటున్నారో ధాతువుకి అక్కర్లేదు. మా వైపు ఇళ్లలో భర్తని 'మా యజమాని' అనే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది అచ్చంగా 'హూస్‌బోండీ'యే. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద ఆడమనిషి పేరు రాయాలంది. చట్టం మారినంత తేలిగ్గా నోట్లో మాట మారదు.

'మెయిడ్' సంగతి కూడా చూడాలి. పాత ఇంగ్లీషులో పెళ్లి కాని పిల్ల అనే అర్థం గల 'మెయిడెన్' కుదించుకుపోయి 'మెయిడ్' అయింది. తర్వాత అదే పనిపిల్ల అయింది. పేదింటి పిల్లలు పెళ్లయ్యేదాకా ఎవరింట్లోనో పనికి కుదిరేవాళ్లు కాబట్టి వయసు పేరు పని పేరుగా మారిపోయింది. మనం నలభై ఏళ్ల ఆవిడని కూడా 'పనిపిల్ల' అంటాం కదా, అలాగే. ఆమె ఎప్పటికీ పెద్దమనిషి కాదు. కాబట్టి 'బాండ్‌మెయిడ్'లో రెండు దిగుళ్లున్నాయి. స్వేచ్ఛ దిగిపోయింది, వయసు కూడా దిగిపోయింది.

మరి ఈ మాటని ఎవరు వాడారు? ఇంగ్లీషు రాతలో ఇది బాగా పాతుకుపోయింది బైబిలు అనువాదాల వల్ల. 1526లో విలియం టిండేల్ అచ్చు వేయించిన కొత్త నిబంధనలో గలతీయులకు రాసిన పత్రికలో అబ్రాహాము కొడుకులిద్దరి ప్రస్తావన వస్తుంది. ఒకడు దాసి కొడుకు, ఇంకొకడు స్వతంత్రురాలి కొడుకు. ఆ దాసి హాగరు. ఇంగ్లీషులో 'బాండ్‌మెయిడ్' అన్నచోట మన తెలుగు బైబిల్లో 'దాసి' అని ఉంటుంది. యజమానురాలికి పిల్లలు లేకపోతే యజమానికి బిడ్డని కని ఇవ్వడానికి పనికొచ్చింది. యజమానురాలికి బిడ్డ పుట్టాక కొడుకుతో సహా ఎడారిలోకి వెళ్లగొట్టబడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో లేవీయకాండం 19వ అధ్యాయంలో 'బాండ్‌మెయిడ్', 'హజ్బెండ్' ఒకే వాక్యంలో ఎదురుపడతాయి. ఒకడికి నిశ్చయమైన దాసిని ఇంకొకడు కూడితే ఏం చెయ్యాలన్నది అక్కడి విషయం. ఆమె స్వతంత్రురాలు కాదు గనక ఇద్దరికీ మరణశిక్ష లేదు. ఆ అనువాదం ప్రకారం కొరడా దెబ్బలు ఆమెకి, ఒక పొట్టేలుని బలి ఇచ్చి క్షమాపణ పొందడం అతనికి. ఒక మూలం నుంచి వచ్చిన ఆ రెండు మాటలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయని ఆ అనువాదకులకి తట్టిందో లేదో గానీ, నాకు మాత్రం ఆ వాక్యం దాటి ముందుకు పోవడం కష్టమైంది.

షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నాటకంలో ఈ మాట అన్నది దాసి కాదు. పాడువా నగరపు డబ్బున్న ఆసామి చిన్న కూతురు బియాంకా. అక్క కేథరీనా ఆమె చేతులు కట్టేసి ఏడిపిస్తుంటే, నన్ను దాసీదాన్ని చెయ్యొద్దని మొత్తుకుంటుంది. అది ఊరికే పోలిక. కానీ ఆ రంగం ముగిసేలోగా తండ్రి ఆమెని ఇద్దరు పెళ్లికొడుకుల మధ్య వేలం పెడతాడు. ఎవరు ఎక్కువ ఆస్తి రాసిస్తానంటే పిల్ల వాళ్లది. తర్వాత పెళ్లినాడు కేథరీనా మొగుడు పెట్రూకియో ఆమె తన సొత్తనీ, తన ఇల్లనీ, పొలమనీ, కొట్టమనీ, గుర్రమనీ, ఎద్దనీ జాబితా చదువుతాడు. అది పాత 'హూస్‌బోండీ' ఆస్తుల పట్టికే. క్లాసులో ఇది చెబుతున్నప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "మరి నిజం దాసి ఎక్కడుంది మేడమ్ ఈ నాటకంలో?" అని అడిగింది. ఈ వ్యాసం రాయించింది ఆ ప్రశ్నే.

బైబిల్లోనే ఇంకో రెండు పేర్లున్నాయి. లాబాను పెద్ద కూతురు లేయాకి పెళ్లి చేసి పంపుతూ జిల్పా అనే దాసిని వెంట ఇచ్చాడు. రెండో కూతురు రాహేలుకి బిల్హా అనే దాసిని ఇచ్చాడు. ఆ ఇద్దరూ తమ యజమానురాళ్ల భర్త యాకోబుకి పిల్లల్ని కన్నారు. ఇది చదివిన తెలంగాణ ఆడవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. దొరల ఇళ్లలో కూతురి పెళ్లికి సారెతోపాటు పంపే పిల్లని మనం 'ఆడబాప' అన్నాం. పెళ్లికూతురికి చాకిరీ చెయ్యాలి, అల్లుడు రమ్మంటే వెళ్లాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో రాసిన పుస్తకంలో ఈ ఆచారం గురించి చెప్పాడు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటితోనే వినిపించే పని చేసింది.

నాకు ఇది పుస్తకాల్లో మాత్రమే ఎదురైన సంగతి కాదు. మా అమ్మమ్మకి తన పెళ్లి సామాను ఏకరువు పెట్టడం సరదా. ఇన్ని ఇత్తడి బిందెలు, ఇన్ని గంగాళాలు, పాడి ఆవు దూడతో సహా, పందిరి మంచం, "ఇంకా నా వెంట వచ్చిన పిల్ల." ఆవు పేరు అమ్మమ్మకి చివరిదాకా గుర్తుంది. ఆ పిల్ల పేరు అడిగితే, "దాన్ని అందరం పిల్లా అనే పిలిచేవాళ్లం" అనేది. అమ్మమ్మ చెడ్డ మనిషి కాదు. పదకొండేళ్లకి పెళ్లయి, తాతయ్య ముందు నోరెత్తకుండా డెబ్భై ఏళ్లు బతికిన మనిషి. ఆయన్ని ఆమె 'దొర' అనేది. భార్యా భృత్యురాలూ ఒకే ధాతువు నీడన బతికారు. కానీ ఇద్దరిలో ఒకరి పేరు మాకు తెలుసు, రెండోవారి పేరు తెలియదు. భార్యల బాధల గురించి రాసేటప్పుడు మనలాంటివాళ్లం ఈ తేడాని దాటేస్తూ ఉంటాం. నేను వచ్చింది గృహస్థు ఇంటి వైపు నుంచి. ఆ ఇంటి ఆడపిల్ల 'నన్ను దాసీదాన్ని చెయ్యొద్దు' అనడం బియాంకా అనడం లాంటిదే. ఆ మాట అనగలిగిందంటేనే ఆమె దాసి కాదని అర్థం.

మళ్లీ నిఘంటువు దగ్గరికి వస్తే, ట్రెంచ్ పెట్టిన నియమం గొప్పదే, రాతలో ఉదాహరణ ఉండాలి. కానీ రాత ఎవరి చేతిలో ఉంది? ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఎక్కువ ఉదాహరణలున్న రచయిత షేక్‌స్పియర్. ఆడవాళ్లలో అందరికంటే ఎక్కువ కనబడేది జార్జ్ ఎలియట్, అది కూడా మగపేరు పెట్టుకున్న మేరీ ఆన్ ఇవాన్స్. పైగా చీటీలు రాసేవాళ్ల కన్ను వింత మాటల మీదే పడేది. అరుదైన మాటలకి యాభై చీటీలు వస్తే రోజూ వాడే మాటలకి అయిదు కూడా రావడం లేదని మర్రే వాపోయాడు. అందరికీ తెలిసిన పని ఎవరి కంటికీ ఆనదు. ఇంట్లో ఆడవాళ్ల చాకిరీ సంగతీ అంతే కదా. 'బాండ్‌మెయిడ్'కి దొరికే పాత ఉదాహరణలు మతాచార్యులవి, నాటకకర్తలవి, న్యాయం చెప్పేవాళ్లవి. దాసి గురించి అందరూ రాశారు. దాసి రాసింది అందులో లేదు. చీటీలు పోకపోయినా, 1888లోనే మాట సక్రమంగా అచ్చయినా, ఆ లోటు అలాగే ఉండేది. అసలు తప్పిపోయింది మాట కాదు, దాన్ని తన గురించి తాను రాసుకున్న చెయ్యి.

ఆ చెయ్యి మరోచోట దొరికింది. ట్రెంచ్ లండన్‌లో ప్రసంగించిన 1857 ప్రాంతంలోనే అమెరికాలో నార్త్ కరోలినా నుంచి ఒక నల్లజాతి బానిస స్త్రీ మగవేషం వేసుకుని పారిపోయింది. స్వేచ్ఛగా బతికేచోటికి చేరి ఒక నవల రాసింది. ఆ రాతప్రతికి పేరు 'ది బాండ్‌వుమన్స్ నారెటివ్'. రచయిత్రి పేరు హానా క్రాఫ్ట్స్ అని రాసుకుంది. నవల అచ్చుకాలేదు. 1948లో డొరతీ పోర్టర్ అనే నల్లజాతి లైబ్రేరియన్, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో తన జాతి పుస్తకాల్ని ఒక్కొక్కటిగా కూడబెట్టిన మనిషి, ఆ రాతప్రతిని 85 డాలర్లకి కొని భద్రపరిచింది. ఆమె పోయాక 2001లో అది వేలానికి వచ్చింది. హెన్రీ లూయిస్ గేట్స్ కొని 2002లో అచ్చు వేయించాడు. రాసింది ఎవరో తేలడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. 2013లో గ్రెగ్ హెసిమోవిచ్ అనే పరిశోధకుడు ఆమె అసలు పేరు హానా బాండ్ అని తేల్చాడు. అంతకుముందు ఆమె మీద హక్కున్న యజమాని కుటుంబం పేరే ఆమెకి ఇంటిపేరు. ఇంగ్లండులో ఆ ఇంటిపేరు పుట్టింది కూడా పాత 'బోండె' నుంచే. యజమాని పేరులోనూ బానిస పేరులోనూ అదే మాట, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, సముద్రం అవతల.

కానీ ఈసారి తేడా ఉంది. ఆమె తనని 'మెయిడ్' అనుకోలేదు. 'వుమన్' అని రాసుకుంది. దాసి పిల్ల కాదు, దాస్యంలో ఉన్న స్త్రీ. తర్వాత ఆ కథ తనదని చెప్పుకుంది. పారిపోయాక బాండ్ అనే పేరు వదిలేసి తనకి నచ్చిన పేరు పెట్టుకుంది. మాట పుట్టుకని ఎవరూ మార్చలేరు. దాన్ని ఎవరు ఎవరి గురించి వాడతారన్నది మార్చవచ్చు.

మాటల మూలాలు వెతకడం ఒట్టి పండితుల పని అని మనలో చాలామంది అభిప్రాయం. 'భర్త' అన్న మాట బదులు 'సహచరుడు' అని రాయడం మొదలుపెట్టిన తరం మనది. ఆ మార్పు చిన్నదేం కాదు. అయితే మనం మార్చుకున్నది మనకి తగిలిన మాటల్నే. ఆడబాప, దాసి, పనిపిల్ల అన్న మాటలు మన ఇళ్లలో ఎవరిని పిలవడానికి వాడామో, వాళ్లు తమని తాము ఏమని పిలుచుకున్నారో అడిగి రాయడం ఇంకా మిగిలే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మాట పోయిందని ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే ముప్పై రెండేళ్ల తర్వాతైనా అది నిఘంటువుకెక్కింది. మన దగ్గర ఏ ఏ పేర్లు పోయాయో ఎత్తిచూపే ఉత్తరం మనమే రాయాలి. అడిగితే చెప్పగలిగిన ముసలివాళ్లు ఊళ్లల్లో ఇంకా కొందరు బతికే ఉన్నారు.